హైదరాబాద్ నుంచి అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌లోకి: అప్పు చేసి ఎల్‌ఎల్‌ఎం చేయాలా, ఇక్కడే పని నేర్చుకోవాలా?

సివిల్_జూనియర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారమండీ. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేసి నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో ఒక సీనియర్ గారి దగ్గర ప్రాక్టీస్ చేస్తున్నాను. ఎక్కువగా సివిల్ సూట్లు, సీఆర్‌పీలు (సివిల్ రివిజన్ పిటిషన్లు), రిట్లు. ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 9 (మధ్యంతర రక్షణ), సెక్షన్ 34 (ఆర్బిట్రేషన్ తీర్పు రద్దు) పిటిషన్లు కొన్ని డ్రాఫ్ట్ చేశాను.

అంతర్జాతీయ ఆర్బిట్రేషన్‌లో (కోర్టు బదులు పక్షాలు ఒప్పుకున్న మధ్యవర్తుల ట్రిబ్యునల్ తీర్పు చెప్పే పద్ధతి), విదేశీ కోర్టులతో ముడిపడిన లిటిగేషన్‌లో స్థిరపడాలని ఉంది. అడిగిన ప్రతి ఒక్కరూ ముందు బయట ఎల్‌ఎల్‌ఎం చెయ్యమనే చెబుతున్నారు. దానికి బ్యాంకు లోను పెద్దదే తీయాలి. అందుకని తెలిసినవాళ్లను అడుగుతున్నాను.

అసలు ఈ పని రోజువారీగా ఎలా ఉంటుంది? హైదరాబాద్‌లోనే ఉండి ఇందులో పేరు తెచ్చుకునే దారి ఉందా? న్యూయార్క్ బార్, ఇంగ్లండ్ సొలిసిటర్ పరీక్షల్లో నాకు ఏది పనికొస్తుంది? దయచేసి వివరంగా చెప్పండి.

రెడ్‌ఫెర్న్_వరస

రోజువారీ పని సంగతితో మొదలుపెడతాను. మిగతా ప్రశ్నలకు జవాబు దాన్నుంచే వస్తుంది.

రెండు మూడేళ్లు నడిచే కేసులో హియరింగ్ ఒక వారమో రెండు వారాలో ఉంటుంది. మిగతా కాలమంతా కాగితాల మీదే యుద్ధం. మన సివిల్ కోర్టు అలవాటుతో వచ్చేవాళ్లు మొదట తడబడేది ఇక్కడే. ప్లెయింట్ క్లుప్తంగా వేసి, సాక్ష్యం ట్రయల్‌లో చూసుకుందాం అంటే ఇక్కడ నడవదు. చాలా ట్రిబ్యునళ్లు మెమోరియల్ పద్ధతి పెడతాయి. అంటే స్టేట్‌మెంట్ ఆఫ్ క్లెయిమ్‌తో పాటే సాక్షుల స్టేట్‌మెంట్లు, నిపుణుల రిపోర్టులు, ఎగ్జిబిట్లు, చట్టం తీర్పులు అన్నీ ఒకేసారి దాఖలు చేయాలి. తర్వాత కొత్త సాక్ష్యం తేవాలంటే ట్రిబ్యునల్ అనుమతి కావాలి, ఆలస్యం ఎందుకైందో చెప్పాలి.

సాక్షి స్టేట్‌మెంట్ కూడా మన చీఫ్ అఫిడవిట్‌లా ఉండకూడదు. ప్లీడింగ్‌లోని పేరాలు తెచ్చి సాక్షి నోట్లో పెడితే క్రాస్‌లో మొదటి గంటలోనే బయటపడుతుంది. సైట్ ఇంజినీరు తాను చూసింది, రాసింది, విన్నది మాత్రమే చెప్పాలి. ఒప్పందం క్లాజుకు అర్థం చెప్పడం అతని పని కాదు.

మీరు జూనియర్‌గా చేరగానే చేతిలో పెట్టే పనులు రెండు: క్రోనాలజీ, రెడ్‌ఫెర్న్ షెడ్యూల్. క్రోనాలజీ అంటే తేదీల జాబితా ఒక్కటే కాదు. తేదీ, ఎవరు ఎవరికి రాశారు, అందులో ఏముంది అన్నది ఒక్క వాక్యంలో, ఎగ్జిబిట్ నంబరు, మన ప్లీడింగ్‌లో ఏ పేరాకు అది ఊతం, ఇవన్నీ ఉండాలి. మనకు వ్యతిరేకంగా ఉన్న ఉత్తరాలు కూడా అందులోనే పెట్టాలి. సీనియర్ వాటిని హియరింగ్‌లో మొదటిసారి చూసే పరిస్థితి రానివ్వకూడదు.

రెడ్‌ఫెర్న్ షెడ్యూల్ అనేది అవతలి పక్షం దగ్గరున్న కాగితాలు అడిగే పట్టిక. మామూలుగా నాలుగు నిలువు వరసలు ఉంటాయి: ఏ కాగితం కావాలి, ఎందుకు కావాలి, అవతలివాళ్ల అభ్యంతరం, ట్రిబ్యునల్ నిర్ణయం. అభ్యంతరానికి మన జవాబు కోసం ఇంకో వరస కలపడమూ మామూలే. ఒక పంప్‌హౌస్ నిర్మాణంలో డ్రాయింగులు ఆలస్యంగా ఇచ్చారన్న వివాదం అనుకోండి. "ఆలస్యానికి సంబంధించిన అన్ని కాగితాలూ ఇప్పించండి" అని రాస్తే ఆ అభ్యర్థన పోయినట్టే. ఇలా రాయాలి: "పంప్‌హౌస్ పునాది డ్రాయింగుల ఆమోదంపై 2021 జనవరి 1 నుంచి జూన్ 30 వరకు యజమాని ఇంజినీరింగ్ విభాగానికీ, దాని డిజైన్ కన్సల్టెంట్‌కీ మధ్య నడిచిన ఉత్తరాలు, ఈమెయిళ్లు, మీటింగ్ మినిట్స్." రెండో వరసలో "ఇవి ముఖ్యం" అంటే చాలదు. యజమాని డిఫెన్స్‌లో ఏ పేరాలో డ్రాయింగులు సకాలంలో ఇచ్చామన్నాడో ఆ నంబరు వేసి, ఈ కాగితాలు దాన్ని ఎలా తేలుస్తాయో రెండు వాక్యాల్లో చెప్పాలి. అవి మన దగ్గర ఎందుకు లేవో కూడా చెప్పాలి. ఐబీఏ (అంతర్జాతీయ బార్ అసోసియేషన్) సాక్ష్య నియమాల్లో ఆర్టికల్ 3 అడిగేది ఇదే: కాగితాల వర్గం ఇరుకుగా, నిర్దిష్టంగా ఉండాలి. కేసుకు సంబంధం ఉంటే సరిపోదు, ఫలితాన్ని మార్చగలిగేంత ప్రాముఖ్యం ఉండాలి.

ఈ నైపుణ్యం ఎల్‌ఎల్‌ఎం క్లాసులో రాదు. హైదరాబాద్‌లో నిర్మాణ కంపెనీలకు, ఈపీసీ (డిజైన్ నుంచి నిర్మాణం దాకా చేసే) కాంట్రాక్టర్లకు కొదవ లేదు. వాళ్ల దేశీయ ఆర్బిట్రేషన్లు పట్టుకోండి. మెజర్‌మెంట్ బుక్, ఆర్‌ఏ బిల్లు (పని సాగుతుండగా వేసేది), హిండ్రెన్స్ (ఆటంకాల) రిజిస్టర్, ప్రైమావెరా సాఫ్ట్‌వేర్‌లో చేసిన బేస్‌లైన్ ప్రోగ్రామ్ చదవడం నేర్చుకోండి. ఫిడిక్ (అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజినీర్ల సమాఖ్య) నమూనా ఒప్పందంలో నోటీసు గడువులు నోటికి రావాలి. దాని 1999 రెడ్ బుక్‌లో క్లాజ్ 20.1 ప్రకారం సంగతి తెలిసిన, లేదా తెలిసి ఉండాల్సిన రోజు నుంచి 28 రోజుల్లో నోటీసు, 42 రోజుల్లో పూర్తి వివరాల క్లెయిమ్. 2017 ఎడిషన్‌లో అది 20.2, నోటీసు అదే 28 రోజులు, వివరాలకు 84. ఈ 28 రోజుల దగ్గరే పెద్ద క్లెయిములు కూలిపోతాయి. ఒప్పందానికి మన దేశ చట్టం వర్తిస్తే కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 28 వాదన (హక్కు వాడుకునే కాలాన్ని కుదించే క్లాజు చెల్లదన్నది) ఒకటి మిగులుతుంది. అది మన అడ్వకేట్ సొంతంగా చెప్పగలిగిన పాయింటు, లండన్ సొలిసిటర్‌కి అరువు తెచ్చుకోవాల్సిన పాయింటు.

సెక్షన్47

పై మాటలకు నా ఓటు. హైదరాబాద్‌లోనే ఉండటం గురించి అడిగారు కాబట్టి దాని మీద చెబుతాను.

విదేశీ అవార్డు (ఆర్బిట్రేషన్ తీర్పు) గెలిచినవాడికి డబ్బు అక్కడ దొరకదు, అవతలివాడి ఆస్తి ఉన్నచోట దొరుకుతుంది. ఆస్తి తెలంగాణలోనో ఆంధ్రలోనో ఉంటే సింగపూర్ లాయరైనా మన హైకోర్టు గుమ్మం ఎక్కాల్సిందే, అదీ ఇక్కడి అడ్వకేట్ ద్వారానే. 2015 సవరణ తర్వాత ఆర్బిట్రేషన్ చట్టం పార్ట్ 2 కింద విదేశీ అవార్డు అమలు పిటిషన్ హైకోర్టులోనే వేయాలి. జిల్లా కోర్టుకు పోతే నెలలు దండగ. 2019 జనవరి 1 నుంచి రెండు హైకోర్టులు వేరు కాబట్టి, రిజిస్టర్డ్ ఆఫీసు హైదరాబాద్‌లో, ఫ్యాక్టరీ విశాఖలో ఉన్న కంపెనీ అయితే ముందు ఏ ఆస్తి మీదికి వెళ్తున్నారో తేల్చుకోండి.

పిటిషన్‌తో జతచేయాల్సినవి సెక్షన్ 47లో ఉన్నాయి: అసలు అవార్డు గానీ, అది ఇచ్చిన దేశ చట్టం ప్రకారం ధ్రువీకరించిన నకలు గానీ, ఆర్బిట్రేషన్ ఒప్పందం అసలు లేదా సర్టిఫైడ్ నకలు, అది విదేశీ అవార్డే అని చూపే సాక్ష్యం. ఇంగ్లిష్‌లో లేకపోతే అనువాదం. ఒప్పందం మొదటిరోజే పెట్టలేకపోతే పిటిషన్ కొట్టేయనక్కర్లేదని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది గానీ, ఆ తీర్పు మీద ఆధారపడి దాఖలు చేయకండి. రిజిస్ట్రీ అభ్యంతరాల దగ్గరే ఆగిపోతుంది. విదేశీ అవార్డుకు స్టాంపు డ్యూటీ అక్కర్లేదని కూడా 2018లోనే తేలింది. ఆ తీర్పు నకలు మాత్రం తప్పకుండా ఫైల్‌లో ఉంచండి. అవార్డు గుర్తింపుకో పిటిషన్, ఎగ్జిక్యూషన్‌కో పిటిషన్ అంటూ విడివిడిగా వేయనక్కర్లేదు. ఒక్కదానిలోనే రెండూ అడగొచ్చు.

గడువు విషయంలో గోదావరి జిల్లాల వాళ్లకు దగ్గరి ఉదాహరణ ఉంది. కోనసీమ తీరానికి అవతల సముద్రంలో రవ్వ చమురు క్షేత్రం. దాని ఉత్పత్తి పంపక ఒప్పందంపై కేంద్ర ప్రభుత్వానికీ కంపెనీలకూ మధ్య వచ్చిన వివాదంలో సీటు (చట్టం దృష్టిలో ఆర్బిట్రేషన్ జరిగే చోటు) కౌలాలంపూర్. ఒప్పందానికి భారత చట్టం, ఆర్బిట్రేషన్ క్లాజుకు ఇంగ్లండ్ చట్టం, సీటు కోర్టులు మలేషియావి. ఒకే కాగితంలో మూడు దేశాల చట్టాలు. అవార్డు 2011లో వస్తే, ఢిల్లీ హైకోర్టులో అమలు పిటిషన్ 2014లో పడింది. 2020 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చిందేమిటంటే: విదేశీ అవార్డు అమలుకు లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 137 ప్రకారం మూడేళ్లే గడువు, డిక్రీకి ఉన్న పన్నెండేళ్లు కాదు. అయితే తగిన కారణం ఉంటే సెక్షన్ 5 కింద ఆలస్యాన్ని మన్నించవచ్చు. విదేశీ క్లయింటు ఫోన్ చేయగానే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న అవార్డు తేదీ. ఈ రంగంలోకి రావాలనుకునే ప్రతివాళ్లూ ఆ తీర్పు మొత్తం చదవాలి.

అభ్యంతరాలు సెక్షన్ 48లో ఉన్నవే, రుజువు భారం ఎదిరించేవాడిదే. కేసు లోతుల్లోకి మళ్లీ వెళ్లడం కుదరదని 2020 ఫిబ్రవరి నాటి ప్రిస్మియన్ తీర్పు గట్టిగా చెప్పింది. ఫెమా (విదేశీ మారక చట్టం) ఉల్లంఘన ఉన్నంత మాత్రాన పబ్లిక్ పాలసీకి విరుద్ధం కాదని కూడా అందులోనే ఉంది. మన వైపు రెసిడెంట్ కంపెనీలు ఎక్కువగా ఎత్తే వాదన అదే కాబట్టి గుర్తుంచుకోండి. సెక్షన్ 50 కింద అమలుకు నిరాకరిస్తేనే అప్పీలు. అభ్యంతరాలు ఓడిపోయినవాడికి అప్పీలు లేదు, సుప్రీంకోర్టులో ఎస్‌ఎల్‌పీ (ప్రత్యేక అనుమతి పిటిషన్) ఒక్కటే.

డాలర్లలో వచ్చిన అవార్డును ఏ రోజు రేటుకు రూపాయిల్లోకి మార్చాలన్నది చిన్న సంగతిలా కనిపిస్తుంది. నాలుగైదేళ్లు నలిగిన కేసులో అదే కోట్ల తేడా. అభ్యంతరాలు చివరికి కొట్టేసి అవార్డు అమలుకు అర్హమైన తేదీ లెక్క అని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. మధ్యలో కోర్టులో డిపాజిట్ చేసి, తీసుకునే వీలు కల్పించిన మొత్తానికి డిపాజిట్ తేదీ రేటు వర్తిస్తుంది.

అసలు ప్రమాదం అభ్యంతరాల్లో కాదు, మధ్యలో ఆస్తి మాయమవడంలో ఉంది. విదేశీ సీటు ఉన్నా, పక్షాలు వద్దనుకుంటే తప్ప, సెక్షన్ 2(2) ప్రొవిజో ద్వారా ఇక్కడ సెక్షన్ 9 అందుబాటులో ఉంది. బ్యాంకు ఖాతాల వివరాలు, రావాల్సిన బిల్లులు, ప్లాంటు యంత్రాలపై ఉన్న చార్జీలు, అంటే తాకట్లు (ఎంసీఏ, అంటే కంపెనీ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో చూడొచ్చు) ముందే సేకరించి, ఆస్తుల వెల్లడి అఫిడవిట్ కూడా ప్రార్థనలో అడగండి. సింగపూర్ సీటుతో ఎమర్జెన్సీ ఆర్బిట్రేటర్ (ట్రిబ్యునల్ ఏర్పడకముందు అత్యవసరంగా నియమించే మధ్యవర్తి) ఆర్డరు తెచ్చుకున్నవాళ్లు అది ఇక్కడ నేరుగా అమలవుతుందనుకుంటారు. 2021 ఆగస్టులో అమెజాన్ కేసులో వచ్చిన వెసులుబాటు ఢిల్లీ సీటు ఉన్నందువల్ల. విదేశీ సీటైతే సెక్షన్ 9 కొత్తగా వేసి, ఆ ఆర్డరును బలమైన ఆధారంగా చూపాలి.

సివిల్_జూనియర్

ఇద్దరికీ ధన్యవాదాలండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఇంకో రెండు సందేహాలు. అమెరికా, యూకే, గల్ఫ్ కోర్టుల డిక్రీలు కూడా ఇదే దారిలో వస్తాయా? సెక్షన్ 47 సార్ (మేడమ్ అయితే క్షమించండి), హైదరాబాద్ ఆర్బిట్రేషన్ సెంటర్ పెట్టాక ఇక్కడ పని పెరిగినట్టేనా?

సెక్షన్47

మేడమే, పర్లేదు.

మీరడిగిన హైదరాబాద్ సెంటర్, ఐఏఎంసీ, 2021 డిసెంబరులో ప్రారంభమైంది. సెంటర్ ఉన్నంత మాత్రాన కేసు రాదు, ఒప్పందంలో ఆ పేరు రాస్తేనే వస్తుంది. ఇవాళ రాసిన క్లాజు వివాదంగా మారడానికి కొన్నేళ్లు పడుతుంది. కాబట్టి మీ క్లయింట్ల ఒప్పందాల్లో సీటు, రూల్స్, ఆర్బిట్రేటర్ల సంఖ్య, భాష సరిగ్గా రాయించడం కూడా మీ పనే. "సీటు సింగపూర్" అని ఒక క్లాజులో, "హైదరాబాద్ కోర్టులకే సర్వాధికారం" అని ఇంకో క్లాజులో రాసిన ఒప్పందాలు ఇప్పటికీ వస్తున్నాయి. దాని మీదే ఏళ్లు పోతాయి.

ఇంకో సంగతి. 2024 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో ప్రభుత్వ కొనుగోలు ఒప్పందాల్లో ఆర్బిట్రేషన్ క్లాజు అలవాటుగా పెట్టవద్దని, మామూలుగా ₹10 కోట్ల లోపు వివాదాలకే పరిమితం చేయమని ఉంది. ప్రభుత్వ కాంట్రాక్టుల పని ఒక్కదాన్నే నమ్ముకుని ప్లాన్ వేయకండి. మందుల కంపెనీల లైసెన్సు ఒప్పందాలు, సాఫ్ట్‌వేర్ సర్వీసులు, సోలార్ పరికరాల సరఫరా, జాయింట్ వెంచర్లు, ఇవీ చూడండి.

రెండు_తీరాలు

కోర్టు డిక్రీల దారి పూర్తిగా వేరు. వాటికి న్యూయార్క్ కన్వెన్షన్ (విదేశీ అవార్డుల అమలుకు దేశాల మధ్య ఒప్పందం) వంటి గొడుగు మన దేశానికి లేదు. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 13, సెక్షన్ 44ఏ, ఈ రెండే ఆధారం.

యూకే, సింగపూర్, హాంగ్‌కాంగ్, 2020 జనవరి నుంచి యూఏఈ రెసిప్రొకేటింగ్ (పరస్పరం డిక్రీలు అమలు చేసే) దేశాలు. అక్కడి నోటిఫై చేసిన కోర్టుల డబ్బు డిక్రీని సర్టిఫైడ్ నకలుతో, ఎంత వసూలైంది ఎంత మిగిలిందన్న ఆ కోర్టు సర్టిఫికెట్‌తో ఇక్కడ జిల్లా కోర్టులో నేరుగా ఇ.పి. (ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేయొచ్చు. ఆ సర్టిఫికెట్ లేకుండా వచ్చేవాళ్లు చాలామంది. దుబాయ్‌లో లోను తీసుకుని తిరిగొచ్చేసిన వాళ్ల మీద ఇప్పుడు తెలంగాణ జిల్లాల్లోనూ ఈ ప్రశ్న వస్తుంది. ఓడల విషయంలో హైకోర్టు కూడా తలుపు తీస్తుంది. ఇంగ్లండ్ అడ్మిరాల్టీ కోర్టు డిక్రీని విశాఖ పోర్టులో ఉన్న నౌక మీద ఆంధ్రప్రదేశ్ హైకోర్టులోనే అమలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 2000లో ఒప్పుకుంది. కాకినాడ, విశాఖ, కృష్ణపట్నం ఉన్న రాష్ట్రంలో నౌకల కేసులు చేసే యువ అడ్వకేట్లు చాలా తక్కువ. నన్నడిగితే ఇది ఖాళీగా ఉన్న పొలం, దున్నుకోండి.

గడువు ఇక్కడ ఇంకో రకం. 44ఏ కింద వచ్చే డిక్రీకి అది పుట్టిన దేశపు లిమిటేషన్ వర్తిస్తుందని 2020 మార్చిలో బ్యాంక్ ఆఫ్ బరోడా కేసులో తేలింది. లండన్ డిక్రీకి ఆరేళ్లు. పన్నెండేళ్లు ఉన్నాయనుకుని కూర్చున్నవాళ్లు ఆ తీర్పుతో మునిగారు.

అమెరికా ఆ జాబితాలో లేదు. టెక్సస్ తీర్పు పట్టుకుని వస్తే ఇక్కడ దాని మీద కొత్త దావా వేయాలి, మూడేళ్లలోపు. అప్పుడు సెక్షన్ 13లోని మినహాయింపులన్నీ ప్రతివాది ఎత్తుతాడు. అన్నిటికంటే దెబ్బ కొట్టేది "గుణదోషాల మీద ఇచ్చిన తీర్పు కాదు" అన్నది. ప్రతివాది రాలేదని సాక్ష్యం చూడకుండా ఇచ్చిన డిఫాల్ట్ జడ్జిమెంట్ ఇక్కడ నిలవదని 2001లో ఇంటర్నేషనల్ వుల్లెన్ మిల్స్ కేసులో చెప్పారు. కాబట్టి అమెరికా లాయర్‌కి మీరు ముందే రాయాలి: డిఫాల్ట్ అయినా సరే, అఫిడవిట్లు, ఇన్‌వాయిస్‌లు రికార్డులో పెట్టి, జడ్జి కారణాలు రాసిన తీర్పు తెచ్చుకోమని. ఈ ఒక్క ఈమెయిల్ సమయానికి పంపగలిగే అడ్వకేట్‌ని విదేశీ ఫర్మ్‌లు వదులుకోవు.

నోటీసు అందజేయడం మరో గుంట. 2007 ఆగస్టు 1 నుంచి హేగ్ సర్వీస్ కన్వెన్షన్ (విదేశాల్లో కోర్టు నోటీసులు అందజేసే ఒప్పందం) మనకు అమల్లో ఉంది, ఆర్టికల్ 10కి మన దేశం అభ్యంతరం చెప్పింది. అంటే అమెరికా నుంచి ఫెడెక్స్‌లో సమన్లు పంపడం, ప్రైవేటు ప్రాసెస్ సర్వర్‌ను గచ్చిబౌలి ఇంటికి పంపడం కన్వెన్షన్ ఒప్పుకున్న పద్ధతులు కావు. ఢిల్లీలో న్యాయ శాఖ ద్వారా రావాలి, నెలలు పడుతుంది. తొందరపడి కొరియర్‌లో పంపి అక్కడ తీర్పు తెచ్చుకుంటే, తర్వాత ఇక్కడ దాని పునాదే కదిలిపోతుంది.

కుటుంబ వివాదాలు మన ఎన్‌ఆర్‌ఐ సమాజంలో ఎక్కువ కాబట్టి 1991 నాటి సుప్రీంకోర్టు తీర్పు తప్పక చదవండి. తిరుపతిలో పెళ్లి, అమెరికాలో మిస్సోరి కోర్టు విడాకులు. 90 రోజుల నివాసం మీద ఆ కోర్టు తీసుకున్న అధికార పరిధినీ, మన హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో ఇచ్చిన విడాకులనూ సుప్రీంకోర్టు గుర్తించలేదు. అవతలి పక్షం స్వచ్ఛందంగా, మనస్ఫూర్తిగా ఆ కోర్టుకు లోబడిందా అన్నది ఇప్పటికీ ప్రతి కేసులో మొదట చూడాల్సింది.

కాగితాల పని చిన్నచూపు చూడకండి. అమెరికాలో నోటరీ చేసిన జీపీఏకి (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) ఆ రాష్ట్రంలో అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేందుకు ప్రభుత్వ ధ్రువీకరణ) వేయించాలి. అది దేశంలోకి వచ్చిన రోజు నుంచి మూడు నెలల్లో స్టాంపు వేయించాలి, స్టాంపు చట్టం సెక్షన్ 18. కవరు మీద తేదీ, కొరియర్ రసీదు దాచిపెట్టండి. కొడుకు డాలస్ నుంచి పంపిన జీపీఏని తండ్రి బీరువాలో ఏడాది ఉంచి దావా రోజున తీస్తే, అక్కడే వాయిదాలు మొదలవుతాయి.

గ్రే_లిస్ట్

చదువు, లైసెన్సుల గురించి నేను చెబుతాను. పై రెడ్‌ఫెర్న్ గారితో ఒక్కచోట విభేదిస్తున్నాను. ఎల్‌ఎల్‌ఎం పనికిరాదని కాదు. హైదరాబాద్‌లో కూర్చుని విదేశీ ఫర్మ్‌ల ఇంటర్వ్యూ దాకా వెళ్లడం కష్టం. సరైన చోట చేసిన ఎల్‌ఎల్‌ఎం ఆ గుమ్మం దాకా తీసుకెళ్తుంది. కానీ పని అనుభవం లేకుండా వెళ్తే గుమ్మం దగ్గరే ఆపేస్తారు. నాలుగేళ్ల ప్రాక్టీసుకు ఇంకో రెండేళ్ల ఆర్బిట్రేషన్ పని తోడయ్యాక వెళ్లమని నా సలహా.

ఎక్కడ అన్నది మీరు తర్వాత ఎక్కడ పని చేయాలనుకుంటున్నారో దాన్నిబట్టి. భారత కంపెనీల అంతర్జాతీయ వివాదాల్లో చాలా భాగం చేరేది సింగపూర్‌కి, కాబట్టి ఎన్‌యూఎస్ (సింగపూర్ జాతీయ యూనివర్సిటీ)లోని ఆర్బిట్రేషన్ ఎల్‌ఎల్‌ఎం చేస్తే అక్కడి ఫర్మ్‌ల కళ్ల ముందు ఉంటారు. జెనీవా ఎమ్‌ఐడీఎస్, లండన్ క్వీన్ మేరీ, స్టాక్‌హోమ్ కోర్సులకూ పేరుంది. ఇన్వెస్టర్-స్టేట్ కేసుల (విదేశీ పెట్టుబడిదారు ప్రభుత్వం మీద వేసేవి) మీద మనసుంటే జెనీవా బాగుంటుంది. ఆ రంగంలో మన రాష్ట్రం పేరు కూడా ఉంది: విశాఖ ఏజెన్సీ బాక్సైట్ సరఫరా ఒప్పందం రద్దు మీద రస్ అల్ ఖైమా పెట్టుబడి సంస్థ ద్వైపాక్షిక ఒప్పందం కింద భారత ప్రభుత్వం మీద క్లెయిమ్ వేసింది.

లైసెన్సు విషయం. సింగపూర్‌లో గానీ లండన్‌లో గానీ ఆర్బిట్రేషన్‌లో వాదించడానికి ఆ దేశపు కోర్టు లైసెన్సు అక్కర్లేదు. మన సనదుతోనే ట్రిబ్యునల్ ముందు నిలబడొచ్చు. రెండో లైసెన్సు ఉద్యోగం కోసం, కోర్టు పనులు కూడా చేయడం కోసం.

న్యూయార్క్ బార్ దగ్గర చాలామంది పొరబడేది ఇక్కడ: మనది కామన్ లా దేశం కాబట్టి, చదువు కాలంలోనూ సబ్జెక్టుల్లోనూ సరిపోతుందని వాళ్ల బోర్డు తేలిస్తే ఎల్‌ఎల్‌ఎం లేకుండానే పరీక్ష రాయొచ్చు. ఒకదానిలో లోటుంటే దాన్ని పూడ్చేది అమెరికాలో, ఏబీఏ (అమెరికన్ బార్ అసోసియేషన్) గుర్తింపున్న లా స్కూల్లో చేసిన 24 క్రెడిట్ల ఎల్‌ఎల్‌ఎం మాత్రమే. లండన్, సింగపూర్ ఎల్‌ఎల్‌ఎంలు ఆ లోటు పూడ్చవు. కాబట్టి లోను తీయకముందే మీ మూడేళ్ల డిగ్రీ, మార్కుల మెమోలు, ఎన్‌రోల్‌మెంట్ సర్టిఫికెట్ బోర్డుకు పంపి ఎలిజిబిలిటీ తేల్చుకోండి. యూనివర్సిటీ నుంచి ట్రాన్స్‌క్రిప్టు నేరుగా వాళ్లకు వెళ్లాలి, మన యూనివర్సిటీల్లో ఆ పనికి ఎక్కువ సమయం పెట్టుకోండి. పరీక్షలో 266, ఎంపీఆర్‌ఈ (వృత్తి నీతి పరీక్ష)లో 85 రావాలి, 50 గంటల ప్రో బోనో (ఉచిత న్యాయ సేవ) కూడా చూపాలి.

ఇంగ్లండ్‌కి ఎస్‌క్యూఈ (సొలిసిటర్ అర్హత పరీక్ష). ఇప్పటికే అడ్వకేట్ కాబట్టి రెండేళ్ల వర్క్ ఎక్స్‌పీరియన్స్ షరతు మీకు వర్తించదు. మొదటి దశలో 180 ప్రశ్నల పేపర్లు రెండు, ఇంగ్లండ్ బయట కూడా రాయొచ్చు. రెండో దశ ఓరల్ పరీక్షలకు అక్కడికి వెళ్లాల్సిందే. ఉద్యోగం చేసుకుంటూ ఇక్కడి నుంచి సిద్ధం కావడానికి ఇదే వీలైన దారి. లోను భారం గురించి మీరు పడుతున్న ఆందోళన నిజమైందే కాబట్టి, మీ స్థానంలో నేను ముందు దీన్నే పట్టుకుంటాను.

బయట పూర్తికాలం జీతానికి చేరితే ఆ సంగతి స్టేట్ బార్ కౌన్సిల్‌కు రాసి ప్రాక్టీసు నిలిపివేయాలి, బార్ కౌన్సిల్ రూల్ 49. తిరిగొచ్చాక పునరుద్ధరించుకోవచ్చు. ఇది దాచి ఇక్కడ వకాల్తాలు వేస్తూ ఉంటే క్రమశిక్షణ చర్య దాకా వెళ్తుంది.

సివిల్_జూనియర్

చాలా స్పష్టత వచ్చిందండీ. ఒక్కటే చివరి ప్రశ్న. మా ఛాంబర్‌లో ఇప్పటికిప్పుడు అంతర్జాతీయ కేసు లేదు. ఈ ఆరు నెలల్లో ఏం చదవాలి, ఏం రాయాలి?

రెడ్‌ఫెర్న్_వరస

గ్రే లిస్ట్ గారి మాట ఒప్పుకుంటున్నాను, రెండేళ్ల తర్వాత ఎల్‌ఎల్‌ఎం అంటే నాకూ అభ్యంతరం లేదు.

ఆరు నెలలకైతే ఇలా చేయండి. 1996 ఆర్బిట్రేషన్ చట్టం పార్ట్ 2 మొత్తం, ఎస్‌ఐఏసీ (సింగపూర్ అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ సెంటర్) 2025 రూల్స్, ఐసీసీ (అంతర్జాతీయ వాణిజ్య మండలి) తాజా రూల్స్ పక్కపక్కన పెట్టుకుని గడువులు, రుసుములు ఒక పట్టికలో రాసుకోండి. ఎస్‌ఐఏసీ కొత్త రూల్స్‌లో పది లక్షల సింగపూర్ డాలర్ల లోపు కేసులకు మూడు నెలల్లో అవార్డు ఇచ్చే స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతి వచ్చింది, కోటి సింగపూర్ డాలర్ల లోపు వాటికి ఆరు నెలల ఎక్స్‌పెడైటెడ్ పద్ధతి ఉంది. చిన్న కంపెనీలున్న మన ఊళ్ల నుంచి రాబోయే కేసులు ఎక్కువ ఈ రెండిట్లోనే పడతాయి. ఐసీసీలో క్లెయిమ్ వేయడానికి 5,000 అమెరికా డాలర్లు, తిరిగి రావు. ఎమర్జెన్సీ ఆర్బిట్రేటర్ కావాలంటే 40,000 డాలర్లు. క్లయింటు మొదటి మీటింగులోనే అడిగేది ఈ అంకెలే.

తర్వాత మీ ఛాంబర్‌లో ముగిసిపోయిన దేశీయ ఆర్బిట్రేషన్ ఫైలు ఒకటి సీనియర్ గారి అనుమతితో తీసుకుని, దానికి పైన చెప్పినట్టు క్రోనాలజీ, రెడ్‌ఫెర్న్ షెడ్యూల్ తయారు చేయండి. పేర్లు తీసేసినా సరే, క్లయింటు కాగితాలు మాత్రం ఎవరికీ పంపకండి. ఇంటర్వ్యూలో అది చూపించడం కాదు ఉద్దేశం. అడిగినప్పుడు చేత్తో చేసినవాడిలా మాట్లాడగలగాలి.

వైఎస్‌ఐఏసీ, ఐసీసీ యువ విభాగాల్లో చేరండి. వాటి ఆన్‌లైన్ సమావేశాల్లో మాట్లాడిన వాళ్లకు ఉద్యోగం కావాలని మెసేజ్ పెట్టకండి. తెలంగాణ, ఆంధ్ర హైకోర్టులు విదేశీ అవార్డుల మీద, సెక్షన్ 9 మీద ఇచ్చిన ఆర్డర్లు ఏరి, ఒక్కోదాని మీద రెండు పేజీల నోట్ రాసి లింక్డ్‌ఇన్‌లో పెట్టండి: ఏం అడిగారు, కోర్టు ఏం ఇచ్చింది, దాఖలు నుంచి ఆర్డరు దాకా ఎన్ని నెలలు పట్టింది. ఢిల్లీ, బొంబాయి హైకోర్టుల మీద అందరూ రాస్తున్నారు. హైదరాబాద్‌లో ఆస్తి పట్టుకోవాలంటే ఎంత కాలం పడుతుందో లెక్క కావాల్సిన సింగపూర్ అసోసియేట్‌కి ప్రస్తుతం చదవడానికి ఏమీ దొరకడం లేదు.

సెక్షన్47

ఆ నోట్లలో ఒక వరస కలపండి: రిజిస్ట్రీ ఏ అభ్యంతరంతో పిటిషన్ వెనక్కి పంపింది, దాన్ని ఎలా సరిచేశారు. తీర్పుల్లో ఆ సమాచారం ఉండదు, ఫైలింగ్ సెక్షన్‌లో అడిగితేనే తెలుస్తుంది. మొదటి నోట్ రాశాక ఇక్కడ లింకు పెట్టండి, నేను చదివి తప్పులుంటే చెబుతాను.